తిరిగి రాగల చోటు: నర్సింగు చదివిన మన పిల్లల మొదటి దూరపు ఉద్యోగము

పాఠము ఉద్దేశము: నర్సింగు చదువు ముగించి, ఇల్లు విడిచి మొదటిసారి కాంట్రాక్టు మీద పనికి పోవు మన పిల్లలు ఊరిని, దేశమును, ఆసుపత్రిని ఎట్లు ఎంచుకొనవలెనో, ఏది ముందు ఏది వెనుక ఆలోచింపవలెనో తెలిసికొనుట.



ఎలవూరు, గుమ్మిడిపూండి, ఆరంబాక్కం, తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగువారికి వలస కొత్త సంగతి కాదు. పని ఉన్న చోటికి పోయి, అక్కడే ఇల్లు కట్టుకొని, పిల్లలను చదివించుకొన్నవారు మనలో చాలమంది ఉన్నారు. అయితే పెద్దల వలసలో ముందు ఒక బంధువు పోయేవాడు, అతని వెనుక మిగిలినవారు పోయేవారు. దిగిన రోజున అన్నము పెట్టే ఇల్లు ఒకటి ఉండేది. నర్సింగు చదివిన మన అమ్మాయి పోవునది ఒంటరిగా. చేతిలో ఒక కాంట్రాక్టు కాగితము, దానిలో ఒక గడువు, తెలియని వార్డు. కాబట్టి ఆమెకు చోటు ఎంచుటలో పెద్దల పాత అనుభవము కొంతవరకే పనికి వచ్చును.

నర్సింగు మన ప్రాంతమునకు దగ్గరి వృత్తియే. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో నర్సుల శిక్షణ 1909లో మొదలైనది, 1946లో అక్కడ డిగ్రీ చదువు వచ్చినది. చెన్నై ఆసుపత్రులకు ఎలవూరు నుండి లోకలు రైలు ఉన్నది. 2022 జనవరిలో తిరువళ్ళూరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. చదువుకొనుటకు, మొదటి అనుభవమునకు మనకు కొరత లేదు. చిక్కు వచ్చునది ఆ తరువాతి అడుగులో.

“కాంట్రాక్టు నర్సు” అనగా ఏమి?

ఒక్కొక్క దేశములో ఒక్కొక్క పద్ధతి ఉన్నది. అమెరికాలో “ట్రావెల్ నర్సు” అనునది ఒక ప్రత్యేకమైన ఉద్యోగము. నర్సులు తక్కువైన ఆసుపత్రికి ఏజెన్సీ ద్వారా సాధారణముగా 13 వారముల గడువుతో పోయి, అది ముగిసిన పిదప పొడిగించుకొనుటయో, మరొక ఊరికి మారుటయో చేయుదురు. గల్ఫు దేశములలో ఎక్కువగా రెండు సంవత్సరముల కాంట్రాక్టు. ఇంగ్లండులో ఉద్యోగము స్థిరమైనదే కావచ్చును గాని, వీసా మాత్రము పిలిపించుకొన్న ఆసుపత్రితో ముడిపడి యుండును.

ఒక సంగతి స్పష్టముగా చెప్పవలెను. అమెరికాలోని 13 వారముల పని ఇక్కడి నుండి నేరుగా పోయే దారి కాదు. మన దేశము నుండి నర్సులు పోవు శాశ్వత నివాస వీసాకు భారతీయుల వరుస చాల పొడవైనది. అది అందిన తరువాత కూడ పిలిపించిన సంస్థతో కొన్ని సంవత్సరముల ఒప్పందము ఉండుట సాధారణము. ట్రావెల్ నర్సింగు అక్కడ ఇదివరకే స్థిరపడిన మన కుటుంబముల పిల్లలకు అందుబాటులో ఉన్న పని. ఎవరైనను “మూడు నెలల అమెరికా కాంట్రాక్టు ఇప్పిస్తాము” అని ఎలవూరుకు వచ్చి చెప్పినయెడల ఆ మాటను అక్కడే ఆపివేయుడి.

పద్ధతులు వేరైనను, చోటు ఎంచుకొనుటకు సూత్రము ఒక్కటే. మొదటి చోటు గొప్ప చోటు కానక్కరలేదు. దానికి రెండు గుణములు ఉండిన చాలును. మొదటిది, మన అమ్మాయి మొదటి వారము నుండియే రోగికి హాని కలుగకుండ పని చేయగల చోటై యుండవలెను. రెండవది, కుదరనియెడల ఇల్లు పొలము అమ్ముకొనకుండ తిరిగి రాగల చోటై యుండవలెను. దిగువ చెప్పు అంశములన్నియు ఈ రెండింటికి సంబంధించినవే.

1. ముందు లైసెన్సు, తరువాత ఊరు

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి మద్రాసు రాష్ట్రములో చేరినది. ఇండ్లు కదలలేదు, రాష్ట్రము మాత్రము కదిలినది. నర్సుల లైసెన్సు అట్టి గీతల మీదనే నడుచును. తమిళనాడులో చదివినవారు చెన్నైలోని తమిళనాడు కౌన్సిలులో నమోదగుదురు. ఆరంబాక్కం దాటి తడకు పోయినయెడల భాష మనదే, గాని కౌన్సిలు ఆంధ్రప్రదేశ్‌ది. అక్కడ పని చేయుటకు నమోదును మార్పించుకొనవలెను. ఇంత దగ్గరలోనే ఇట్లున్నప్పుడు దూర దేశముల సంగతి ఆలోచింపుడి.

దుబాయి, అబుధాబి, షార్జా ఒకే దేశములోనివి. అయినను లైసెన్సు ఇచ్చు అధికార సంస్థలు వేర్వేరు. దుబాయికి ఒకటి, అబుధాబికి ఒకటి, షార్జా మొదలైన ఉత్తర ప్రాంతములకు కేంద్ర ఆరోగ్య శాఖ. “ఎమిరేట్స్‌లో ఉద్యోగము” అని చెప్పిన చాలదు, ఏ నగరములో అని అడుగవలెను. ఇంగ్లండుకు పోవువారు ఇంగ్లీషు పరీక్షతో పాటు కంప్యూటరు పరీక్షను మన దేశములోనే వ్రాయవచ్చును. చేతితో పని చేసి చూపించు రెండవ పరీక్ష మాత్రము అక్కడికి పోయిన పిమ్మటనే జరుగును.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు రాష్ట్రముల కాంపాక్టు అను సదుపాయము కలదు. అందులో చేరిన రాష్ట్రమున శాశ్వత నివాసము ఉండి, బహుళ రాష్ట్ర లైసెన్సు పొందిన నర్సు, చేరిన మిగిలిన రాష్ట్రములలో వేరే లైసెన్సు లేకుండ పని చేయవచ్చును. నలభైకి పైగా రాష్ట్రములు, ప్రాంతములు చేరినవి. టెక్సాసు అందులో ఉన్నది. 2025 నాటికి కాలిఫోర్నియా, న్యూయార్కు చేరలేదు. కనుక టెక్సాసులో ఉన్న అమ్మాయి మొదటి కాంట్రాక్టుకు కాంపాక్టు రాష్ట్రమునే చూచుకొనుట మేలు. కాలిఫోర్నియా జీతము ఎక్కువే కావచ్చును, గాని లైసెన్సు కొరకు ఎదురు చూచు నెలలలో జీతము రాదు.

2. పేరు ఒక్కటిగా ఉన్నదా?

సరిహద్దులో ఉన్న మనకు ఇది ప్రత్యేకమైన చిక్కు. తమిళనాడు పద్ధతి ప్రకారము బడి సర్టిఫికెట్టులో తండ్రి పేరు తొలి అక్షరము ఇనిషియలుగా ఉండును. ఆంధ్ర బంధువుల పద్ధతిలో ఇంటిపేరు ముందు వచ్చును. పాస్‌పోర్టులో ఆ ఇనిషియలును విడదీసి పూర్తి పేరు వ్రాయుదురు. ఇంటిలో పిలుచు పేరు ఒకటి, సంఘపు పుస్తకములోని పేరు మరొకటి. పెండ్లి అయిన తరువాత ఇంకొకటి. గల్ఫు దేశములకు పోవువారి సర్టిఫికెట్లను, చదివిన కళాశాలకు, పని చేసిన ఆసుపత్రికి వ్రాసి సరిచూచుకొందురు. అక్కడ పేరు కలియనియెడల నెలలు గడచిపోవును. చోటు వెదకుటకు ముందే బడి సర్టిఫికెట్టు, నర్సింగు డిప్లొమా లేక డిగ్రీ, కౌన్సిలు నమోదు, అనుభవ పత్రము, పాస్‌పోర్టు ఈ అయిదింటిని బల్ల మీద పరచి, అక్షరము అక్షరము చూచుకొనుడి.

3. ఏ ఊరు అని కాదు, ఏ వార్డు అని అడుగుడి

ఊరు మంచిదైనను వార్డు తెలియనిదైనయెడల మొదటి నెలయే కష్టము. కాన్పుల వార్డులో రెండేండ్లు పని చేసిన అమ్మాయిని ఐ.సి.యు.లో నిలబెట్టినయెడల ఆమెకును భయమే, రోగికిని ప్రమాదమే. అమెరికాలో ట్రావెల్ నర్సును తీసుకొను ఆసుపత్రులు సాధారణముగా అదే విభాగములో ఒకటి రెండు సంవత్సరముల అనుభవము కోరును. దానికి కారణము ఉన్నది. వచ్చినవారికి కొత్తచోటు పద్ధతులు నేర్పుటకు వారు ఇచ్చు సమయము బహు కొద్ది, కొన్ని చోట్ల ఒకటి రెండు డ్యూటీలు మాత్రమే. ఆ తరువాత మందుల అలమర ఎక్కడున్నదో, కంప్యూటరులో నోట్సు ఎట్లు వ్రాయవలెనో, రాత్రి డాక్టరును ఎట్లు పిలువవలెనో ఆమెయే తెలిసికొనవలెను.

కనుక ఒప్పుకొనుటకు ముందు ఈ ప్రశ్నలు అడుగవలెను. ఒక నర్సుకు ఎందరు రోగులు? పని నేర్పుటకు ఎన్ని రోజులు? మనిషి తక్కువైనప్పుడు వేరే వార్డుకు పంపుదురా, పంపినయెడల ఏ వార్డులకు? రాత్రి డ్యూటీలు వరుసగా ఎన్ని? రోగులు తక్కువైనప్పుడు డ్యూటీ రద్దు చేసినయెడల జీతము వచ్చునా? ఫోనులో చెప్పిన జవాబు జవాబు కాదు, అది కాంట్రాక్టులో వ్రాసి యుండవలెను. జవాబు చెప్పుటకు విసుగుకొను ఏజెన్సీ, రేపు కష్టము వచ్చినప్పుడు ఫోను ఎత్తునా అని ఆలోచింపుడి.

ఈ కారణముచేతనే మొదటి రెండేండ్లు చెన్నైలోనో వెల్లూరులోనో ఒకే విభాగములో పని చేయుట వృథా కాదు. “తోటివారు అప్పుడే పోయిరి” అని పిల్లలను తొందరపెట్టవద్దు. ఆ రెండేండ్లు ఆమె కూడబెట్టుకొను మూలధనము.

4. అప్పు చోటును ఎంచకూడదు

ఈ పాఠములో ముఖ్యమైన భాగము ఇది. 2014లో ఇరాకులోని తిక్రిత్ పట్టణము యుద్ధములో చిక్కినప్పుడు మన దేశపు నర్సులు 46 మంది అక్కడి ఆసుపత్రిలో ఉండిపోయిరి. వారిలో అధికులు కేరళవారు. జూలై 5న వారు క్షేమముగా కొచ్చి చేరిరి. ఆ దినములలో పత్రికలు వ్రాసిన ఒక సంగతి తల్లిదండ్రులు గుర్తుంచుకొనదగినది. వారిలో పలువురు అప్పు చేసి పోయినవారు. కొన్ని నెలల జీతము బాకీ యుండెను. తిరిగి వచ్చినయెడల అప్పు ఎట్లు తీరునను దిగులు ప్రాణభయముతో పాటు వారిని పట్టుకొనెను. బాంబుల మధ్య కూడ మనిషిని కదలనీయనిది అప్పు.

2015లో కొచ్చిలో సి.బి.ఐ. నమోదు చేసిన కేసు మరొకటి. కువైటుకు నర్సులను పంపు ఒక ఏజెన్సీ, తీసుకొనదగిన రూ. 19,500 కు బదులు ఒక్కొక్కరి నుండి రూ. 19.5 లక్షల వరకు వసూలు చేసినదని ఆరోపణ. అదే సంవత్సరము కేంద్ర ప్రభుత్వము, వలస అనుమతి అవసరమైన 18 దేశములకు నర్సుల నియామకమును ప్రభుత్వ సంస్థల ద్వారా జరుపవలెనని నియమము తెచ్చినది. మనకు దగ్గరలో చెన్నైలోని ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్ తమిళనాడు ప్రభుత్వ సంస్థ. ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ ఉన్నవి. మొదట ఆ తలుపు తట్టుడి. విదేశీ ఉద్యోగములకు లైసెన్సు ఉన్న ఏజెంటు కూడ సేవా రుసుముగా రూ. 30,000, దాని మీద పన్ను మించి తీసుకొనకూడదని చట్టపు నిబంధన. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉన్నదో లేదో ఎవరైనను చూడవచ్చును. ఇంగ్లండు ఉద్యోగములకైతే అక్కడి ప్రభుత్వ నియమావళి ప్రకారము నర్సు నుండి ఏజెన్సీ నియామక రుసుము తీసుకొనకూడదు.

నాలుగు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినయెడల నెలకు వడ్డీయే ఎనిమిది వేలు. వార్డు బాగులేకున్నను, మేనేజరు మాట కటువుగా ఉన్నను, ఒంట్లో బాగులేకున్నను ఆ ఎనిమిది వేలు ఆగవు. అప్పుతో పోయిన పిల్లకు “వద్దు” అను మాట నోట రాదు. కనుక అప్పు లేకుండ పోగల చిన్న చోటు, అప్పుతో పోవలసిన పెద్ద చోటు ఉన్నప్పుడు, మొదటిసారికి చిన్న చోటే ఎంచుకొనుడి.

దీనితో పాటు కాంట్రాక్టులో గడువుకు ముందు మానుకొన్నయెడల ఏమి కట్టవలెనో చదువుకొనుడి. ఇంగ్లండులో కొన్ని ఆసుపత్రులు పరీక్ష, వీసా ఖర్చులు తిరిగి కోరును. ఎంత, ఎన్నాళ్ళ వరకు అని ముందే తెలిసికొనవలెను. అక్కడ ఉద్యోగము పోయినయెడల మరొక ఆసుపత్రిని వెదకుకొనుటకు సాధారణముగా 60 రోజుల గడువు ఉండును.

5. వచ్చు జీతము కాదు, మిగులు జీతము

రెండు ఉద్యోగములు వచ్చినవనుకొందము. ఇవి లెక్క నేర్చుకొనుటకు వేసిన అంకెలు మాత్రమే. మొదటి చోట నెలకు రూ. 90,000, బస, బస్సు ఆసుపత్రిదే. తిండికి 12,000, ఫోను మొదలైనవాటికి 5,000 పోగా 73,000 మిగులును. రెండవ చోట రూ. 1,10,000. ఇంటి అద్దె 35,000, ప్రయాణము 8,000, తిండి, ఫోను మునుపటివలెనే 17,000. మిగులునది 50,000. చుట్టాలకు చెప్పుకొనుటకు రెండవది గొప్ప, ఇంటికి పంపుటకు మొదటిది గొప్ప.

ఇంగ్లండు ప్రభుత్వ ఆసుపత్రులలో కొత్త నర్సు జీతపు స్కేలు దేశమంతట ఒక్కటే. లండను నడిబొడ్డున మూల జీతము మీద నూటికి 20, చుట్టుపట్ల 15, అంచు ప్రాంతములలో 5 వంతున, కనిష్ఠ గరిష్ఠ పరిమితులకు లోబడి, అదనము కలుపుదురు. ఆ అదనము లండను అద్దెకు సరిపోవునా లేదా అని లెక్క వేసికొన్న తరువాతనే లండనా, చిన్న పట్టణమా అని తేల్చుకొనవలెను. అమెరికా ట్రావెల్ నర్సులకు బస, భోజనపు భత్యము మీద పన్ను ఉండకపోవుటకు ఒక షరతు ఉన్నది. వేరొక చోట నిజముగా ఖర్చు పెట్టి నడుపుకొను స్థిర నివాసము ఉండవలెను. ఇల్లు ఖాళీ చేసి ఊరూరు తిరుగువారికి అది వర్తించదు. ఏజెన్సీ చూపించు వారపు మొత్తములో భత్యము ఎంత, జీతము ఎంత అని విడదీసి చూచుకొనవలెను.

6. డ్యూటీ ముగిసిన తరువాత

చోటు అనగా ఆసుపత్రి మాత్రమే కాదు. రాత్రి డ్యూటీ దిగి గదికి చేరు దారి కూడ చోటే. బస ఎంత దూరము? గదిలో ఎందరు? ఆసుపత్రి వాహనము తెల్లవారుజామున ఉండునా? పాస్‌పోర్టు ఆమె చేతిలోనే ఉండునా? భారత రాయబార కార్యాలయము ఏ నగరములో ఉన్నది? సెలవుకు టిక్కెట్టు ఎవరిది?

భాష కూడ చూడవలెను. ఎలవూరు పిల్లలకు తెలుగు, తమిళము రెండును వచ్చును. ఇది చిన్న ఆస్తి కాదు. సింగపూరులో తమిళము నాలుగు అధికార భాషలలో ఒకటి. ముసలి రోగితో ఆయన భాషలో మాటలాడగల నర్సుకు కొత్తచోటు త్వరగా దగ్గరగును. అక్కడికి కూడ సింగపూరు నర్సింగు బోర్డు అనుమతి ముందు కావలెను.

ఆరాధన సంగతి మన కుటుంబములు తప్పక అడుగును. దుబాయి, కువైటు వంటి చోట్ల చర్చీలు ఉన్నవి. సౌదీ అరేబియాలో చర్చీ కట్టడములు లేవు, బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు. అక్కడ మంచి ఆసుపత్రులు లేవని కాదు. ఆదివారము సహవాసము లేకుండ రెండు సంవత్సరములు ఉండగలదా అనునది ఆ అమ్మాయి తనకు తాను వేసికొనవలసిన ప్రశ్న. ఆమెకు బదులు మనము జవాబు చెప్పరాదు.

7. తల్లిదండ్రులకు ఒక మాట

చెల్లెలి పెండ్లికి, ఇంటి కప్పుకు, తమ్ముని చదువుకు డబ్బు కావలెను. అది నిజమే. గాని ఆ అవసరముల జాబితాను పట్టుకొని చోటు వెదకినయెడల ఎప్పుడును అన్నిటికంటె ఎక్కువ జీతము చెప్పినవాడే గెలుచును. మొదటి కాంట్రాక్టు ముగియువరకు పెద్ద ఖర్చు ఏదియు ఆమె పేర పెట్టుకొనకుడి. ఆమె తిరిగి వచ్చుటకు టిక్కెట్టు డబ్బు, మూడు నెలల ఖర్చు ఇంటిలో విడిగా దాచియుంచుడి. “బాగులేకపోతే వచ్చేయమ్మా” అని ముందే చెప్పి పంపుడి. ఆ మాట చెప్పి పంపిన ఇంటి పిల్లలకు కష్టము దాచిపెట్టవలసిన పని ఉండదు.

చర్చకు ప్రశ్నలు

1. మన సంఘములో నర్సులుగా పని చేసి వచ్చినవారు ఎవరు? వారిని ఒక ఆదివారము ఆరాధన తరువాత కూర్చుండబెట్టి యువతతో మాటలాడించుటకు ఏమి ఏర్పాటు చేయగలము?

2. ఒకే అమ్మాయికి మూడు అవకాశములు వచ్చినవి: చెన్నైలో తనకు అలవాటైన విభాగము, తక్కువ జీతము, ప్రభుత్వ సంస్థ ద్వారా గల్ఫులో అదే విభాగము, మధ్యస్థమైన జీతము, బస ఉచితము, ప్రైవేటు ఏజెంటు ద్వారా వేరొక దేశము, వార్డు చెప్పలేదు, ఎక్కువ జీతము, అయిదు లక్షలు ముందు కట్టవలెను. పైన చెప్పిన రెండు గుణములతో ఒక్కొక్కదానిని పరీక్షింపుడి.

3. మీ ఇంటిలో నర్సింగు చదువుచున్నవారి అయిదు పత్రములలో పేరు ఒక్కటిగా ఉన్నదా? ఈ వారమే తీసి చూడుడి.

4. కాంట్రాక్టు కాగితము ఇంగ్లీషులో వచ్చినప్పుడు, సంతకమునకు ముందు చదివి అర్థము చెప్పగలవారు మన సంఘములో ఎవరు? వారి పేర్లు వ్రాసి సంఘ కార్యదర్శి వద్ద ఉంచుడి.